ప్రాథమిక బడిలో మగ టీచరుగా ఇమడగలనా?

సిబ్బంది అంతా మహిళలే ఉన్న ప్రాథమిక పాఠశాలలో చేరబోతున్నానని, మగవాడిగా ఇమడగలనా అని అడిగారు. నేను పదకొండేళ్లుగా ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఇమడడం గురించి దిగులు పడకండి, నాకు నెల రోజులు కూడా పట్టలేదు.

మొదటి రోజు ఓ తల్లి గుమ్మంలో నిలబడి, "టీచరు గారు ఇంకా రాలేదా అండీ?" అని నన్నే అడిగారు. అప్పటికి నా చేతిలో సుద్దముక్క ఉంది. కొందరు వ్యాయామం మాస్టారననుకున్నారు, ఇంకొందరు హెడ్మాస్టరుననుకున్నారు. బల్లలు జరపాలన్నా, అల్లరి పిల్లలను మందలించాలన్నా నాకే కబురు వచ్చేది. గట్టిగా కసరడం నాకు చేతకాదు. ఆ సంగతి పిల్లలు వారంలోనే కనిపెట్టేశారు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది గౌరవమే. మూడో ఏడే నన్ను ఇన్‌చార్జిగా ఉండమన్నారు. నాకంటే తొమ్మిదేళ్లు సీనియరైన టీచరమ్మ అక్కడే కూర్చుని ఉన్నారు. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించడం నాకు నేర్పింది ఆవిడే. నర్సింగ్, ప్రాథమిక బోధన, గ్రంథాలయాలు, సామాజిక సేవ వంటి రంగాల్లో మగవాళ్లకు జరిగే ఈ తంతుకు క్రిస్టీన్ విలియమ్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1992లోనే 'గాజు ఎస్కలేటర్' అని పేరు పెట్టారు. కదలకుండా నిలబడినా అదే పైకి మోసుకుపోతుంది. ప్రపంచంలో ప్రాథమిక ఉపాధ్యాయుల్లో దాదాపు మూడింట రెండు వంతులు మహిళలే అయినా, పై చదువుల వైపు వెళ్లేకొద్దీ వారి వాటా తగ్గుతూ పోతుంది. నేను ఆవిడ పేరు చెప్పి తప్పుకున్నాను. త్యాగమేమీ కాదు, ఫైళ్లంటే నాకు గిట్టదు. ఆ బాధ్యత చివరికి ఆవిడకే ఇచ్చారు, కాకపోతే ఏడాది తర్వాత.

పిల్లలను దగ్గరకు తీసుకునే విషయం మాత్రం సున్నితమైనది. మోకాలు గీరుకుపోయి ఏడుస్తున్న పాపను సహోద్యోగి ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఎవరూ గమనించరు. నేను పక్కన కూర్చుని మాట్లాడినా ఒకరిద్దరు తొంగిచూస్తారు. ఒంటరిగా ఏ బిడ్డతోనూ తలుపు వేసిన గదిలో ఉండకూడదని మొదట నాకొక్కడికే చెప్పారు. మనసు చివుక్కుమంది. నియమం మంచిదే, అందరికీ పెట్టండి అని సమావేశంలో అడిగాను. పెట్టారు. మీరు చేరాక ఇలాంటిది ఎదురైతే అలిగి కూర్చోకుండా అడగండి.

ఇంకొకటి. ఆ బడిలో మగవాళ్లకు మరుగుదొడ్డి ఉందో లేదో చేరకముందే కనుక్కోండి. నేను కనుక్కోలేదు.