రెండో అంతస్తుకు వచ్చిన సముద్రం

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. మాది కరీంనగర్. మా పాపకు ఐదేళ్లు నిండాయి. ఈ వేసవిలో బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్దామని రెండు నెలల ముందే అనుకున్నాము. పాప తన సంచిలో తువ్వాలు, ప్లాస్టిక్ బకెట్టు సర్దుకొని రోజూ ఇంకెన్ని రోజులని అడిగేది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు మా అత్తగారు జారిపడటంతో తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించవలసి వచ్చింది. ఆవిడ ఇప్పుడు ఇంట్లో మంచం మీదే ఉన్నారు. మేము రెండో అంతస్తులో ఉంటాము, పైన డాబా ఉంది. రెండు రోజులు ఇంటినే సముద్ర తీరంగా చేసి పాపతో ఆడుకోవాలని నాకు అనిపిస్తోంది. అది పిల్లను మభ్యపెట్టడమేనని, ఆట అయిపోయాక దాని బాధ ఇంకా పెరుగుతుందని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

— ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, తప్పకుండా ఆడండి. అయితే మీవారి మాటను పూర్తిగా తోసివేయకండి. ప్రయాణం ఆగిపోయిందన్న సంగతి దాచిపెట్టి, దానికి బదులుగా ఇంట్లో నీలం గుడ్డ పరిచి ‘ఇదే సూర్యలంక’ అంటే అది మభ్యపెట్టడమే అవుతుంది. ముందు నిజం చెప్పండి: నాయనమ్మ లేచి నడిచేదాకా మనం వెళ్లలేము, ఆ తరువాత వెళ్దాము అని. పాప ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ రోజే ఆట మొదలుపెట్టకండి, ఎందుకంటే అప్పుడది ఏడుపు ఆపడానికి చేతిలో పెట్టిన తాయిలంలా మిగిలిపోతుంది. ఒక రోజు గడిచాక, మనసు కొంత కుదుటపడ్డాక, మన ఇంట్లో సముద్రం ఆట ఆడుకుందామా అని ఆమెనే అడగండి.

ఐదేళ్ల పిల్లకు ఉత్తుత్తికీ నిజానికీ తేడా తెలుసు. గుజ్జనగూళ్లు ఆడే పిల్ల ఆకులో ఇసుక పెట్టి అన్నమని ఎంతో శ్రద్ధగా వడ్డిస్తుంది గాని దానిని మింగదు. తినే పిల్ల కూడా గుప్పెట నోటి దగ్గరదాకా తెచ్చి, నమిలినట్టు నటించి, పులుసు బాగుందంటుంది. రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఆటను గురించి చేసిన ఉపన్యాసంలో, ఆడుతున్నంతసేపూ పిల్లవాడు తన వయసును మించి, రోజువారీ నడవడికను మించి ఉంటాడని చెప్పారు. మామూలుగా రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల, రైల్లో ప్రయాణికురాలినని అనుకున్న మరుక్షణం అరగంట కదలకుండా కూర్చోవడం మీరే చూస్తారు.

ఏర్పాట్లన్నీ మీరే పూర్తిచేసి పాపను పిలవడం మాత్రం వద్దు. బుడగలు, కాగితపు చేపలు, రంగు దీపాలు కొని తెచ్చి, పిల్లను మధ్యలో నిలబెట్టి ఫొటోలు తీస్తే అది పెద్దల అలంకరణ అవుతుంది, పిల్ల ఆట కాదు. సముద్రం ఏ గదిలో ఉండాలో, ఒడ్డు ఎటువైపో ఆమె చెప్పాలి. ఆమె ఇంకా సముద్రాన్ని చూడలేదు కాబట్టి అందులోకి మెట్లు ఉంటాయన్నా, మధ్యలో ఒక చెట్టు ఉంటుందన్నా వెంటనే దిద్దకండి. ఆమెగా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక పాత నీలం చీర, చాప, గొడుగు, నాలుగు కుర్చీలు, కొన్ని గవ్వలు చాలు. చీర రెండు చివరలూ మీరూ మీవారూ పట్టుకొని పైకీ కిందికీ ఊపితే అలలు వస్తాయి. వాటి కిందుగా పరుగెత్తడం పాప పని.

నా మాటగా చెబుతున్నాను, తీరం కంటే ప్రయాణానికి ఎక్కువ సమయం ఇవ్వండి. కుర్చీలు వరుసగా వేసి రైలు చేయండి. కాజీపేట, వరంగల్, ఖమ్మం, విజయవాడ, తెనాలి, బాపట్ల అని స్టేషన్ల పేర్లు కాగితాల మీద రాసి గోడకు అంటించి, ఒక్కొక్క దాని దగ్గర బండి ఆపండి. విజయవాడ దాటగానే కృష్ణ వంతెన వస్తుంది కాబట్టి ఒక బిందెలో నీళ్లు పోసి ఉంచండి. మన పెద్దలు కిటికీలోంచి నదికి దండం పెట్టి చిల్లర వేసినట్టు పాప కూడా ఒక నాణెం వేస్తుంది. పులిహోర పొట్లం అక్కడ విప్పండి. స్టేషనులో దిగాక వాళ్ల నాన్న ఆమెను వీపుమీద ఉప్పుమూట మోసినట్టు మోసుకొని ఒడ్డుకు చేర్చాలి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే లీటరు నీటిలో దాదాపు ఆరు చిన్న చెంచాల ఉప్పు కలిపితే సముద్రమంత ఉప్పదనం వస్తుంది. నాలుకకు ఒక చుక్క తగిలించి ఊసేయించండి, తాగనివ్వకండి. మిగిలిన నీటిని వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసి డాబా మీద ఎండలో ఉంచితే, నీరు ఇగిరిపోయి పళ్లెం అడుగున తెల్లని పలుకులు మిగులుతాయి. చినగంజాంలోనూ నౌపడలోనూ ఉప్పు మడుల్లో జరిగేది ఇదే. అలాగే ఒక పళ్లెంలో ఇసుక, మరొక పళ్లెంలో నీళ్లు పోసి ఎండలో పెట్టి, రెండు గంటల తరువాత పాపతో తాకించండి. ఇసుక కాలుతుంటుంది, నీళ్లు అంత వేడెక్కవు. పగటిపూట ఒడ్డున నేల ఇలాగే ముందుగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ఇది తెలిశాక బల్ల ఫ్యానును ఎటువైపు పెట్టాలో పాపే చెప్పగలదు.

ఇసుకను ఇళ్లు కట్టే చోటునుంచి తెస్తే జల్లించి, రెండుమూడు నీళ్లతో కడిగి, ఎండబెట్టి వాడండి. రాతిని పొడిచేసి తయారుచేసిన ఇసుక వద్దు, దాని సన్నని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. రెండు గంపల నది ఇసుక ఒక వెడల్పాటి తొట్టిలో పోసి కాస్త తడిపితే పిచ్చుక గూళ్లు కట్టడానికి సరిపోతుంది. పాదం మీద తడి ఇసుక కప్పి, అరచేత్తో తట్టి, గూడు కూలకుండా పాదాన్ని మెల్లగా వెనక్కి తీయడం మీ చిన్ననాడు మీకు వచ్చే ఉంటుంది. అది ఆమెకు నేర్పండి. రాత్రిపూట పిల్లులు పాడుచేయకుండా తొట్టిమీద మూత పెట్టండి. నీళ్ల తొట్టి దగ్గర మాత్రం క్షణం కూడా పాపను ఒంటరిగా వదలకండి. చిన్న పిల్లలు మునగడానికి రెండంగుళాల నీళ్లు చాలు, అప్పుడు అరుపు కూడా వినిపించదు. ఆట ముగియగానే తొట్టి బోర్లించండి. డాబా మీదికి ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తరువాత, పెద్దవారు తోడుండగానే వెళ్లాలి.

మీరు అడగకపోయినా మీ ఉత్తరం చదివినప్పటినుంచి నా మనసులో మెదులుతున్న మాట ఒకటుంది. నాయనమ్మ పడటం వల్లనే ప్రయాణం ఆగిందని మీ పాపకు తెలుసు. ఆమె బయటికి అనకపోయినా ఆ కోపం లోపల ఉండవచ్చు. మీ అత్తగారికి కూడా తనవల్లే పిల్ల సరదా పోయిందన్న బాధ ఉండే ఉంటుంది. అందుచేత సముద్రాన్ని ఆవిడ గదికి దూరంగా పెట్టకండి. ఆవిడ మంచమే దీపస్తంభం అనండి, చేతికి ఒక టార్చిలైటు ఇవ్వండి. చీకటి పడ్డాక నాయనమ్మ దీపం వెలిగించి ఆర్పుతుంటే, పాప కుర్చీ పడవ ఆ వెలుగును చూసుకుంటూ ఒడ్డుకు రావాలి. కదలవలసిన పని లేకుండా ఆ ఆటలో అందరికంటే ముఖ్యమైన పాత్ర ఆవిడదే అవుతుంది.

ఇక ఆట తరువాతి బాధను గురించి: నిజం సముద్రానికి ఎప్పుడు వెళ్తామని పాప అడుగుతుంది, అడగనివ్వండి. వైద్యులు చెప్పినదాన్నిబట్టి మీకు నమ్మకం ఉన్న నెలనే చెప్పండి. నమ్మకం లేకపోతే ఏ నెలా చెప్పకండి.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్లు. సెలవుల్లో వచ్చి ముందుగదిలో దుప్పట్లతో సముద్రం చేశాడు. మూడు రోజులైనా తీయనివ్వడం లేదు, తీస్తే ఏడుస్తున్నాడు. నడవడానికి కూడా దారి లేదు. ఎలా చెప్పాలి?

— ఒక తాతయ్య, నిజామాబాద్

జవాబు: అయ్యా, వాడు నిద్రపోయినప్పుడు తీసేయకండి, అది వాడి దృష్టిలో దొంగతనం. సముద్రానికి రోజుకు సుమారు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయని, పోటులో నీరు ముందుకు వచ్చి, ఆరు గంటల పైచిలుకు గడిచాక పాటులో వెనక్కి పోతుందని వాడికి చెప్పండి. పొద్దున పోటు వచ్చినప్పుడు దుప్పట్లు గుమ్మందాకా పరచవచ్చు. భోజనాల వేళకు పాటు వస్తుంది కాబట్టి వాటిని గోడదాకా జరపవలసిందే. ఆ పని వాడి చేతనే చేయించండి, మీరు రెండో కొస పట్టుకోండి. రాత్రి పాటుకు మడతపెట్టిన దుప్పట్లను వాడి చేతికి అందే అరలోనే ఉంచండి.