గ్లూటెన్ లేని వీగన్ పిజ్జా బయట తినాలంటే ఏం అడగాలి

దగ్గర్లో ఉన్న రెస్టారెంట్లలో గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) లేకుండా, వీగన్‌గా, అంటే మాంసం, పాలు, గుడ్లు ఏవీ లేకుండా, రుచిగా కూడా ఉండే పిజ్జా ఎలా వెతుక్కోవాలని అడిగారు. దొరుకుతుందండీ, నిరాశ పడకండి. నాకు సీలియాక్ ఉంది, అంటే గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు. పాలు, గుడ్లు మానేసి కూడా చాలా ఏళ్లయింది. అయినా పిజ్జా మాత్రం వదల్లేదు. "గ్లూటెన్ ఫ్రీ ఉందా?", "వీగన్ ఉందా?" అని విడివిడిగా అడిగితే రెండిటికీ ఉందనే చెబుతారు. ఆ రెండూ ఒకే పిజ్జాలో కుదురుతాయా అని అడిగితేనే అసలు విషయం బయటపడుతుంది.

ఎందుకంటే గోధుమ పిండి సాగడం, పొంగినప్పుడు గాలిని పట్టి ఉంచడం అంతా గ్లూటెన్ వల్లే. అది లేకపోతే బేస్ పొడిపొడిగా విరిగిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి చాలామంది గుడ్డు తెల్లసొనో పాలపొడో కలుపుతారు. కాలీఫ్లవర్ బేస్ అంటే వినడానికి ఆరోగ్యంగా ఉంటుంది కానీ చాలావాటిలో గుడ్డు, చీజ్ రెండూ ఉంటాయి. ఇటు వీగన్ మెనూకి వస్తే, మాంసం బదులు వేసే ముక్కలు తరచుగా సైటాన్‌తో చేసినవి. సైటాన్ అంటే అచ్చంగా గోధుమ గ్లూటెనే. అందుకే నేను ముందు అడిగేది, "బేస్ విరగకుండా ఉండటానికి ఏం కలుపుతారు?" అని. ఇసబ్గోల్ పొట్టు, జాంథన్ గమ్ లాంటివి చెప్పి, గుడ్డు గానీ పాలు గానీ అస్సలు కలపం అంటే మనిద్దరి లాంటి వాళ్లకి పనికొస్తుంది. తెలియక ప్యాకెట్ తెచ్చి చదివి చెప్పినా సంతోషమే. "ఏం పర్లేదండీ, తినొచ్చు" అని ఊరికే అనేస్తే మాత్రం నేను అక్కడ తినను.

మీకు సీలియాక్ లేకుండా ఇష్టం కొద్దీ గోధుమ మానేసి ఉంటే ఇప్పుడు చెప్పబోయేది వదిలేయొచ్చు. సీలియాక్ ఉన్నవాళ్లకి మాత్రం ఇదే ముఖ్యం. గ్లూటెన్ ఫ్రీ అని లేబుల్ వేయడానికి చాలా దేశాల్లో ఉన్న పరిమితి కిలోకి 20 మిల్లీగ్రాములు. పిజ్జా వంటగదిలో పొడి పిండి గాలిలో ఎగురుతూ అన్నిటి మీదా పడుతుంది కాబట్టి ఆ గీత దాటడం చాలా తేలిక. ఓవెన్ వేడికి గ్లూటెన్ పోతుందని కొందరు నమ్మకంగా చెబుతారు, అది నిజం కాదు.

ఒకచోట కౌంటర్ పక్కనే నిలబడి చూశాను. నా బేస్‌ని సీల్ చేసిన ప్యాకెట్లోంచి తీశారు, గ్లవ్స్ కూడా మార్చుకున్నారు. ఆ తర్వాత సాస్ గరిటె అందుకున్నారు. నిమిషం కిందే ఆ గరిటెను మామూలు బేస్ మీద గుండ్రంగా తిప్పారు. దాని అడుగున తెల్లగా పిండి అంటుకుని ఉంది. దాన్ని అలాగే సాస్ గిన్నెలో ముంచారు. ఇక ఆ గిన్నెలో సాస్ మొత్తం నాకు పనికిరానట్టే. విషయం చెప్పి ఆర్డర్ ఆపమన్నాను. వాళ్లు నిర్లక్ష్యంగా చేసింది కాదు, గరిటె గురించి అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు. అప్పటి నుంచి నేను బేస్ దగ్గరే ఆగను. సాస్, టాపింగ్స్ విడి డబ్బాల్లోంచి తీస్తారా, విడిగా ట్రేలో కాలుస్తారా లేక నేరుగా ఓవెన్ రాతి మీద పెట్టేస్తారా, కటర్ వేరేది ఉందా అని అన్నీ అడుగుతాను. ఇన్ని అడుగుతున్నామే అని మొహమాటపడకండి. జాగ్రత్తగా చేసేవాళ్లు ఈ ప్రశ్నలకి విసుక్కోరు.

వీగన్ రెస్టారెంట్‌లో గ్లూటెన్ ఫ్రీ బేస్ అడగడం కన్నా, గ్లూటెన్ విషయంలో గట్టిగా ఉండే చోట చీజ్ వద్దనడం మేలు. పిజ్జా మీద నుంచి చీజ్ తీసేయడం ఎంతసేపు? గాలిలో ఎగిరే గోధుమ పిండిని ఎవరు తీస్తారు? పైగా మారినారా అని ఇటలీలోని నేపుల్స్ వాళ్ల పాత పిజ్జా ఉంది. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. చీజ్ లేకపోవడం అందులో లోటు కాదు, దాని తీరే అది. అయినా సాస్‌లో చీజ్ గానీ ఆంకోవీ చేప గానీ కలిపారేమో కనుక్కోండి. పెస్టో అనే ఆకుపచ్చ సాస్‌లో మామూలుగా చీజ్ ఉంటుంది. లాక్టోజ్ ఫ్రీ అన్న చీజ్ కూడా పాలదే. అన్నట్టు, కొన్ని మంచి గ్లూటెన్ ఫ్రీ పిండుల్లో గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్ వాడతారు. లేబుల్ ఉంటే సీలియాక్ వాళ్లు తినొచ్చు కానీ, గోధుమ అలర్జీ ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు.

రుచి విషయానికొస్తే, వీగన్ చీజ్ చాలావరకు కొబ్బరి నూనె, స్టార్చ్ కలిపి చేస్తారు. పాల చీజ్‌లో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ ఇందులో ఉండదు కాబట్టి అలా తీగలా సాగదు. ఎక్కువ వేస్తే అంగిట్లో జిడ్డుగా అతుక్కుంటుంది. సగమే వేయమని, దించాక పైన కాస్త ఆలివ్ నూనె చుక్కలు వేయమని చెప్పండి. పిజ్జాకి ప్రాణం వస్తుంది. పచ్చి పుట్టగొడుగులు, టమాటా ముక్కలు ఓవెన్లో నీరు వదులుతాయి, ఈ బేస్ ఆ నీటికి ఇట్టే మెత్తబడుతుంది. కూరగాయలు ముందే వేయించి పెట్టుకునే చోటైతే ఆ బాధ లేదు. బేస్ పల్చగా ఉండి, ముందే సగం కాల్చి పెట్టుకున్నది అయితే ఇంకా మంచిది. నాకు బాగా నచ్చిన పిజ్జా అలాంటిదే. అంచు కరకరలాడింది, మధ్యలో ముక్క పట్టుకుంటే వంగలేదు, నమిలితే పిండి రుచి కాకుండా టమాటా రుచి తెలిసింది.

వెతకడానికి గ్లూటెన్ లేని చోట్లకి ఫైండ్ మీ గ్లూటెన్ ఫ్రీ, వీగన్ చోట్లకి హ్యాపీకౌ అనే యాప్‌లు రెండూ పక్కపక్కనే పెట్టుకోండి. రెండిట్లోనూ కనిపించే చోట్లతో మొదలుపెట్టండి. రివ్యూ రాసినవాళ్లకి సీలియాక్ ఉందో లేదో, ఎప్పుడు రాశారో చూడండి. వంటవాళ్లు మారితే పాత రివ్యూకి విలువ లేదు. మధ్యాహ్నం భోజనాల హడావిడి అయ్యాక, సాయంత్రం రద్దీ మొదలవకముందు ఫోన్ చేస్తే ఓపిగ్గా మాట్లాడతారు. తినడానికి మాత్రం తలుపులు తెరవగానే వెళ్లండి, అప్పటికి కౌంటర్ మీద పిండి తక్కువ ఉంటుంది.

ఇంటికి పార్సిల్ తెచ్చుకుంటే కోయకుండా ఇమ్మనండి, కటర్ టెన్షన్ ఉండదు. బియ్యప్పిండి బేస్ చల్లారితే గట్టిపడుతుంది. తినేముందు మందపాటి పెనం మీద మూత పెట్టి సన్న మంట మీద కాసేపు ఉంచి, మూత తీసి ఇంకో నిమిషం ఆగితే అడుగు మళ్లీ కరకరలాడుతుంది.