మీ దగ్గరున్న పాత బ్రిటిష్ గిటార్ రాక్ ఎల్పీల్లో ఇప్పటికీ మళ్లీ మళ్లీ వినేవి ఏవి? ఎందుకు?

పది పేర్లు వరసగా రాసి పక్కన స్టార్లు పెట్టే జవాబు కావాలంటే పైన ఇప్పటికే చాలామంది రాశారు, అందరివీ అవే పది. నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ని. చారిటీ షాపుల్లో, ఆదివారం కార్ బూట్ సేల్స్‌లో ఏరుకొచ్చిన రికార్డులు హాల్లో ఒక గోడ పొడుగునా ఉన్నాయి, వాటి గురించి మా ఆవిడ అభిప్రాయం ఇక్కడ రాయడం మర్యాద కాదు. పోయిన చలికాలం అవన్నీ దింపి, దుమ్ము దులిపి, ఉంచేవి ఉంచి మిగతావి వదిలించుకుందామని ఒక్కొక్కటే వేసి విన్నాను.

తేలిందేమిటంటే, గిటార్ వాయించినవాడు ఎంత గొప్పవాడన్నది అసలు లెక్కలోకే రాదు. రికార్డులో గది వినిపించాలి. వాళ్లు ఎక్కడ నిలబడి వాయించారో, కప్పు ఎంత ఎత్తులో ఉందో, గోడలు ఎంత దూరంలో ఉన్నాయో తెలియాలి. అలాంటి ఆల్బమ్ యాభై ఏళ్లయినా పాతబడదు. గది వినిపించనిది ఎన్ని కోట్ల కాపీలు అమ్ముడుపోయినా సరే, రెండో పక్క తిప్పకముందే విసుగొస్తుంది. దీనికి రుజువేమిటని కామెంట్లలో అడక్కండి, నా చెవులే రుజువు.

డీప్ పర్పుల్ వాళ్ల ‘మెషీన్ హెడ్’ (1972) తీసుకోండి. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, వాళ్లు రికార్డింగ్‌కి మాట్లాడుకున్న క్యాసినో తగలబడిపోయింది. ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుంటే జనంలో ఎవడో ఫ్లేర్ గన్ పేల్చాడు. జెనీవా సరస్సు మీద పరుచుకున్న ఆ పొగ మీదే ‘స్మోక్ ఆన్ ది వాటర్’ కట్టారన్నది గిటార్ పట్టిన ప్రతి కుర్రాడికీ తెలుసు. నాకు నచ్చేది ఆ తర్వాత జరిగింది. చలికాలమని మూసేసిన గ్రాండ్ హోటల్ కారిడార్‌లో పరుపులు అడ్డం పెట్టుకుని వాయించారు, రికార్డింగ్ యంత్రాలేమో బయట లారీలో. వాయించింది విందామంటే గదుల్లోంచి, బాల్కనీల మీదుగా చుట్టూ తిరిగి లారీ దాకా పోవాలి. ఆ అవస్థ పడలేక వినడమే తగ్గించేశారు. బాగా వచ్చిందనిపిస్తే ముందుకెళ్లిపోవడమే. ఒక గిటార్ ముక్కని ముక్కముక్కలుగా కోసి కంప్యూటర్లో అతికించే ఇప్పటి మహానుభావులు ఇది కాస్త ఆలోచించాలి. ‘హైవే స్టార్’లో ఆ కారిడార్ ఇరుకు మీకు వినపడకపోతే స్పీకర్లు మార్చండి.

బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ మా ఊరిది కాబట్టి కాస్త పక్షపాతం ఉంది, దాచుకోను. నలుగురూ ఇక్కడి ఆస్టన్ కుర్రాళ్లే. 1969 అక్టోబరులో లండన్ వెళ్లి ఒక్క రోజులో వాయించేసి వచ్చారు, 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం చూసుకుని మరీ విడుదల చేశారు. వాళ్లలో గిటార్ వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున, మిషన్‌లో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి, పోయినవి తీగలు నొక్కే కుడిచేతివి. గిన్నెలు తోమే సబ్బు సీసా ప్లాస్టిక్‌ని కరిగించి తొడుగులు చేసుకుని, పైన తోలు అతికించుకుని, సన్నటి తీగలు వేసుకుని వాయించాడు. ఇక్కడ బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ వంతెన మీద వాళ్ల నలుగురి బొమ్మలతో ఒక బల్ల ఉంది, 2025 జులైలో వాళ్ల గాయకుడు ఆజీ పోయినప్పుడు దాని చుట్టూ కాలు పెట్టడానికి చోటు లేనంతగా పూలు. అయినా ఆ ఆల్బమ్ ఒరిజినల్ వర్టిగో ప్రెస్సింగ్‌కి (వర్టిగో కంపెనీ అప్పట్లో అచ్చేసిన ప్లేటుకి) వందల పౌండ్లు అడుగుతున్నారంటే, అది అభిమానం కాదు, రియల్ ఎస్టేట్.

ది హూ ‘లైవ్ ఎట్ లీడ్స్’ గురించి ఒక్క మాట. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో పిల్లలు భోజనం చేసే హాల్లో వాయించింది. ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్లినప్పుడు చూశాను, గోడకి ఫలకం ఉంది, లోపల ఇప్పటికీ ట్రేలు పట్టుకుని క్యూలే. దొంగ రికార్డులా కనిపించాలని అట్ట మీద బొమ్మ లేకుండా రబ్బరు స్టాంపు లాంటి అక్షరాలు వేశారు, లేబుల్ మీద చేతిరాతతో ‘చిటపటలు ఉంటే ఉండనివ్వండి, సరిచేయొద్దు’ అని రాశారు. ఆ టేపులోనే చిటపటలు ఉన్నాయి మరి. ప్రెస్సింగ్ ఫ్యాక్టరీవాళ్లు కంగారుపడకుండా ఆ జాగ్రత్త. నా కాపీలో ఏ చిటపట లీడ్స్‌ది, ఏది పాత యజమాని నిర్లక్ష్యానిది అని విడదీయడం నావల్ల కాదు. 1995లో సీడీకి ఆ శబ్దాలన్నీ తుడిచేసి, ఆరు పాటల పక్కన ఇంకా బోలెడు పాటలు చేర్చారు. శుభ్రంగా ఉంది, కాదనను. రెండోసారి వినలేదు.

ఇక అసలు సంగతి. లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్ (1971). పేరు లేదు, అట్ట మీద బ్యాండ్ పేరు కూడా లేదు. వీపు మీద కట్టెల మోపుతో ఒక ముసలాయన ఉంటాడు, అంతే. దీన్ని నేను చాలాకాలం పక్కన పెట్టేశాను, కారణం అందులోని ‘స్టెయిర్‌వే టు హెవెన్’ పాట. ఇక్కడ గిటార్ షాపులోకి ఎప్పుడు వెళ్లినా ఎవడో ఒకడు దాన్ని సగం వాయించి ఆపేస్తుంటాడు, ఆ పాట మీదే నాకు విరక్తి వచ్చేసింది. అలాంటిది ఆ రికార్డు నా దగ్గర ఇప్పటికీ ఉందంటే కారణం మా మామయ్యగారు.

ఆయనది దివిసీమ, నాగాయలంక దగ్గర. రిటైరైన బడిపంతులు. ఊళ్లో భజన మేళానికి చిన్నప్పటి నుంచి మృదంగం వాయించారు. అత్తయ్యగారితో కలిసి ఆరు నెలల వీసా మీద మా ఇంటికి వచ్చారు. ఒక ఆదివారం భోజనాలయ్యాయి, బయట వాన. ఆయన స్వెటరు మీద శాలువా, తలకి మంకీ క్యాపుతో హీటర్ పక్కన కూర్చుని ఫోన్లో పేపర్ చదువుకుంటున్నారు. నేను రికార్డులు సర్దుకుంటుంటే ఈ అట్ట తీసుకుని, “ఈ కట్టెలాయన ఎవరండీ?” అన్నారు. అందరూ పెయింటింగ్ అనుకునేవారు, 2023లో తేలింది, అది విల్ట్‌షైర్‌లో ఇళ్లకు గడ్డి కప్పు నేసే ఒక పనివాడి విక్టోరియా కాలపు ఫోటో అని. ఆ మాట చెప్పాను. “అనుకున్నా, మోపు కట్టడం చూస్తే తెలుస్తోంది, పనోడే” అన్నారు. సరే వినండి అని రెండో పక్క వేశాను. మొదటి మూడు పాటలకీ తల ఎత్తలేదు. నాలుగోది ‘వెన్ ది లెవీ బ్రేక్స్’. అది డ్రమ్ముతోనే మొదలవుతుంది, వేరే ఏమీ ఉండదు.

మామయ్యగారు మంకీ క్యాపు చెవుల మీంచి పైకి లాగారు.

పాట పూర్తిగా కానివ్వలేదు. “అల్లుడుగారూ, మళ్లీ మొదటి నుంచి పెట్టండి” అన్నారు. ముల్లు తీసి మళ్లీ పెట్టాను. ఈసారి అరచేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ విన్నారు. “చతురస్రమే, నాలుగు లెక్కే. కానీ తొందర లేదు చూశారా, దెబ్బ పడాల్సిన చోటుకి కాస్త వెనక కూర్చుంటున్నాడు” అన్నారు. ఇంకాసేపు విని, “ఇది మామూలు గదిలో కొట్టింది కాదండీ. పైన చాలా ఖాళీ ఉంది. మా గుళ్లో ముఖమండపంలో కూర్చుని వాయిస్తే మృదంగం ఎడమ పక్క తొప్పి శబ్దం ఇలాగే పైకెళ్లి, ఒక్క క్షణం ఆగి దిగుతుంది” అన్నారు.

నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే అది అక్షరాలా నిజం. హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రాంజ్ అని ఒక పాత భవనం, 1795లో బీదవాళ్లను ఉంచి పని చేయించుకోవడానికి కట్టింది. జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్‌ని అక్కడ మెట్లున్న పెద్ద హాల్లో కింద పెట్టి, ఇంజనీరు ఆండీ జాన్స్ రెండే రెండు మైకులు మెట్ల పైనుంచి వేలాడదీశాడు. యంత్రాలు ఇక్కడ కూడా బయట లారీలోనే. అన్నట్టు అది రోలింగ్ స్టోన్స్ వాళ్ల లారీ, ఏడాది చివర్లో మాంట్రోకి వెళ్లింది కూడా అదే. ఇదంతా చెప్తే మామయ్యగారు, “మైకు డప్పు మూతి దగ్గర పెట్టలేదన్నమాట. బుద్ధిమంతులు. మావాడొకడున్నాడు, శ్రీరామనవమికి మృదంగంలోకి దూరిపోయేట్టు మైకు పెడతాడు, వాయించేది వినపడదు, గీకుడు వినపడుతుంది” అని ఊళ్లో మైకుసెట్టు అతన్ని తిట్టుకున్నారు. మౌతార్గాన్ ఎందుకంత బరువుగా ఉందన్నారు. టేపు వేగం తగ్గించారు, అందుకే.

తర్వాత, ఏం పాడుతున్నాడని అడిగారు. 1927లో మిసిసిపీ వరదలొచ్చాయి, దాని మీద 1929లో మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో అనే నల్లజాతి గాయకులు పాడిన పాట, దాన్నే వీళ్లు మార్చుకున్నారు, ఆగకుండా వాన కురిస్తే కరకట్ట తెగుతుందంటున్నాడు అని చెప్పాను. మామయ్యగారు ఒప్పుకోలేదు. “కట్ట తెగేది మన మీద పడ్డ వానకి కాదండీ, పైన ఎక్కడో పడ్డ వానకి” అన్నారు. 2009 అక్టోబరులో కృష్ణకి వరదొచ్చినప్పుడు వాళ్ల ఊళ్లో చినుకు లేదట, ఎండ కాస్తుంటే ఊరంతా కట్ట మీదికెక్కి రాత్రీ పగలూ ఇసుక బస్తాలు వేశారట. మరి 1977 ఉప్పెనో అన్నాను. “అది వేరు. అప్పుడు కట్టతో పనేముంది, సముద్రమే ఊళ్లోకొచ్చింది” అని, ఆ నవంబరులో ఏ ఊళ్లు పోయాయో ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ పోయారు. పదివేల మందికి పైగా పోయిన ఉప్పెన అది. రికార్డు అయిపోయి ముల్లు లోపలి గీతలో తిరుగుతూనే ఉంది, నేను లేవలేదు. చివరికి వంటింట్లోంచి అత్తయ్యగారు, “ఆ గరగర ఏమిటి, కట్టెయ్యండి ముందు” అని కేకేశారు.

ఇండియా వెళ్లేలోపు ఆ ఒక్క పాటే మళ్లీ మళ్లీ పెట్టించుకున్నారు. ‘స్టెయిర్‌వే’ వినిపిస్తే, బాగానే ఉంది, పొడుగు అన్నారు. ఆయనతో నాకు పూర్తి ఏకాభిప్రాయం కుదిరిన విషయం ఇదొక్కటే. బోనమ్‌ది ఇక్కడికి దగ్గర్లోని రెడ్డిచ్, అక్కడ విగ్రహం పెట్టారంటే తీసుకెళ్లాను కూడా, దాని పక్కన నిలబడి ఫోటో దిగి భజన గ్రూపులో పెట్టారు.

మరి నిలవనివి? డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ (1985) ఇచ్చేశాను. తిట్టుకుంటారని తెలుసు, మన కాలేజీ హాస్టళ్లలో అది వేదం. మార్క్ నాఫ్లర్ వేళ్లకి దణ్ణం పెడతాను, కానీ అందులో గది ఎక్కడుంది? పైగా సీడీ కోసం చేసిన ఆల్బమ్‌ని ఎల్పీలో పట్టించడానికి కొన్ని పాటలు కత్తిరించారు. డెఫ్ లెపర్డ్ ‘హిస్టీరియా’ (1987) ఇంకా దారుణం, గంటకి పైగా ఉన్నదాన్ని ఒకే ప్లేటు మీద కుక్కారు. ఒక పక్కకి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే గీతలు దగ్గరదగ్గరగా కొయ్యాలి, అందుకు శబ్దం తగ్గించాలి, ముందు బలయ్యేది బేస్. ఒక చెయ్యి పోయినా మళ్లీ కూర్చుని వాయించిన ఆ డ్రమ్మర్ అంటే నాకు గౌరవమే, కోపమంతా ఆ నున్నటి పాలిష్ మీద.

రీఇష్యూల సంగతి ఎత్తితే బీపీ పెరుగుతుంది. 180 గ్రాముల ప్లేటు అని బరువు చెప్పి అమ్ముతారు, శబ్దం సంగతి మాత్రం ఎత్తరు. బాక్స్ సెట్లలో పాట తయారవకముందు పాడిన చిత్తుప్రతులన్నీ నింపుతారు. ఒక్కదానికి మినహాయింపు ఇస్తాను: 1972లో జెప్పెలిన్ గిటారిస్టు పేజ్, గాయకుడు ప్లాంట్ బొంబాయి వచ్చి మన వాద్యకారులతో ‘ఫ్రెండ్స్’, ‘ఫోర్ స్టిక్స్’ రికార్డు చేశారు, అవి 2015లో వాళ్ల ‘కోడా’ ఆల్బమ్ డీలక్స్‌తో బయటికొచ్చాయి. అది వినండి, గది వినిపిస్తుంది. ఇక టర్న్‌టేబుల్ లేకుండా అట్టలు ఫ్రేము కట్టించి గోడకి తగిలించే వాళ్లున్నారు. వాళ్లవల్లే రేట్లు ఇలా మండుతున్నాయని నా గట్టి నమ్మకం.

‘లైవ్ ఎట్ లీడ్స్’ మొదటి ప్రెస్సింగ్‌తో లోపల పాత కాంట్రాక్టులు, పోస్టరు నకళ్లు, అలాంటి కాగితాలు ఇచ్చారు. నా కాపీలో ఒక్కటీ లేదు. ఎవరి దగ్గరైనా కాగితాలతో సహా ఉంటే మెసేజ్ పెట్టండి, చిటపటలున్నా ఫర్వాలేదు. ఫ్రేము కట్టినవాళ్లు మాత్రం వద్దు.