నిఖత్ జరీన్ 52 నుంచి 50 కిలోలకు దిగడం పొరపాటా?

పొరపాటు అనలేం. ఈ నిజామాబాద్ బాక్సర్ 2022లో ప్రపంచ టైటిల్ గెలిచింది 52 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగమే లేదు. 50 తర్వాత నేరుగా 54. పైకెళ్తే తనకన్నా పొడుగు, చేతుల పొడవు ఎక్కువున్నవాళ్లు ఎదురవుతారు. కిందికి దిగి 2023లో మళ్లీ ప్రపంచ విజేత అయింది కూడా.

చిక్కు వేరేచోట ఉంది. ప్రొఫెషనల్ బాక్సర్లకు ముందురోజే తూకం, కోలుకోవడానికి ఒక రోజు దొరుకుతుంది. ఒలింపిక్స్ లాంటి అమెచ్యూర్ పోటీల్లో బౌట్ ఉన్న ప్రతి రోజూ ఉదయం తూగాలి. నీళ్లు మానేసి బరువు దించితే తిరిగి నింపుకోవడానికి మిగిలేవి కొన్ని గంటలే. ఒంటి బరువులో 2 శాతం నీరు, అంటే 52 కిలోల మనిషికి కిలో పైచిలుకు, పోయినా దమ్ము తగ్గుతుంది. మూడో రౌండ్‌లో కాళ్లు బరువెక్కుతాయి, ముఖాన్ని కాచే చేతులు (గార్డ్) కిందికి జారుతాయి. దూరం పాటిస్తూ కాళ్ల వేగంతో ఆడేవాళ్లకు ఇది మరీ నష్టం.

పారిస్‌లో సీడింగ్ (మేటి బాక్సర్లు మొదట్లోనే ఎదురుపడకుండా ఇచ్చే ర్యాంకు) లేక రెండో బౌట్‌లోనే చైనా బాక్సర్ వూ యూ తగిలింది. 0-5తో నిఖత్ ఓడింది. వూ యూ కూడా 52 నుంచి దిగినదే, కాబట్టి నెపమంతా బరువు మీదే వేయలేం.

దిగాలనుకుంటే వారానికి అరకిలో చొప్పున కొవ్వు తగ్గించాలి. చివరి రోజుకు అరకిలోకి మించి మిగల్చకూడదు.