హీరోయిన్‌కి చిన్నపిల్ల గొంతు, చిన్నపిల్లకి పెద్దావిడ మాటలు

పదకొండేళ్ల పాపని పక్కన కూర్చోబెట్టుకుని సినిమా చూడాలంటే ఇబ్బందిగా ఉంటోందని, మన సినిమాల్లో ఆడపిల్లలూ ఆడవాళ్లూ ఎందుకిలా ఉంటారో ఇండస్ట్రీలో పనిచేసేవాళ్లెవరైనా చెప్పమని అడిగారు కదా. నేను తెర మీద కనిపించను, వినిపిస్తాను. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల స్టూడియోల్లో డబ్బింగ్ చెప్తుంటాను. హీరోయిన్లకి చెప్పాను, హీరో చెల్లెళ్లకి, పనిమనుషులకి, చిన్నపిల్లలకి చెప్పాను (మగపిల్లలకి కూడా, ఆ వయసు గొంతులు చాలావరకు మేమే చెప్తాం). డైరెక్టర్ మనసులో ఏముందో నాకు తెలియదు గానీ, మైకు ముందు నిలబడితే ఎలా చెప్పమంటారో మాత్రం బాగా తెలుసు.

హీరోయిన్ ఎంత చదువుకున్నదైనా, ఎంత పెద్ద ఉద్యోగం చేస్తున్నా "ఇంకొంచెం క్యూట్‌గా" అంటారు. ఒక సినిమాలో ఆ అమ్మాయి డాక్టరు. ఆపరేషన్ అయ్యాక బయటికొచ్చి, మీ నాన్నగారికి ప్రమాదం తప్పింది, ఇరవై నాలుగు గంటలు చూడాలి అని హీరోకి చెప్పాలి. డాక్టర్లు ఎలా చెప్తారో అలాగే చెప్పాను. సౌండ్ ఇంజినీర్ ఓకే అన్నాడు. డైరెక్టర్ మాత్రం అద్దం అవతల నుంచి "బాగుందమ్మా, కానీ మరీ పెద్దదానిలా ఉంది, హీరో దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్ల అయిపోవాలి" అన్నారు. సరే అని గొంతు కాస్త పైకి లేపి, చివరి అక్షరాలు సాగదీసి, మధ్యలో చిన్న ఊపిరి పెట్టి మళ్లీ చెప్పాను. ఐసీయూలో ఉన్న మనిషి కబురు ఐస్‌క్రీమ్ కొనిపెట్టమని అడిగినట్టు వచ్చింది. అదే ఉంచారు. థియేటర్లో ఎవరూ నవ్వలేదు కూడా, అంతలా అలవాటైపోయింది మనకి.

పోనీ నిజంగా చిన్నపిల్ల పాత్ర వస్తే ఏం చేయమంటారో తెలుసా? "ఆరిందాలా చెప్పండి" అంటారు. రెండో క్లాసు చదివే పిల్ల నాన్నకి ప్రేమ గురించి సలహాలివ్వాలి, నాయనమ్మకి చీవాట్లు పెట్టాలి, హీరోయిన్‌ని చూసి కన్ను కొట్టాలి. మగపిల్లాడైతే అల్లరి చేస్తే చాలు, క్రికెట్ ఆడి అద్దం పగలగొట్టి పారిపోతాడు. ఆడపిల్లకి మట్టిలో ఆడుకునే సీనుకి డబ్బింగ్ చెప్పిన గుర్తే లేదు నాకు. చిన్నప్పుడు పెద్దదానిలా మాట్లాడాలి, పెద్దయ్యాక చిన్నదానిలా మాట్లాడాలి. మీకు ఇబ్బందిగా అనిపించేది ఇదేనేమో చూడండి.

ఇక మీ పాప వయసు అసలు తెర మీదే లేదు. పట్టీలేసుకున్న చిన్నపాదాలు గట్టు మీద పరిగెడుతుంటాయి, అదే షాట్‌లో అవి పెద్దపాదాలవుతాయి, కెమెరా పైకెళ్తే ఓణీ. పదకొండు నుంచి పదిహేడు దాకా ఎగిరిపోయింది! మధ్యలో ఏమన్నా ఉంటే ఫంక్షన్ పాట, పసుపు, పెద్దముత్తయిదువల సరసాలు. ఆ పిల్లకి భయమేసిందా, కడుపునొప్పి వచ్చిందా, స్కూల్లో ఎవరికి చెప్పుకుంది, ఇవేవీ ఉండవు. శ్రీదేవి సంగతే తీసుకోండి. 1972లో బడిపంతులులో ఎన్టీఆర్‌కి మనవరాలు, 1979లో వేటగాడులో ఆయన పక్కనే హీరోయిన్. ఆవిడ పుట్టింది 1963 ఆగస్టులో, అంటే వేటగాడు వచ్చేనాటికి పదహారు కూడా నిండలేదు. అందరూ దీన్ని సరదా ముచ్చటలా చెప్పుకుంటారు, నాకెందుకో ఎప్పుడూ సరదాగా అనిపించలేదు.

"జనం ఇదే అడుగుతారమ్మా" అనే మాట స్టూడియోలో రోజూ వింటాను. నేనైతే నమ్మను. విజయశాంతికి చాలా సినిమాల్లో సరితగారు గొంతిచ్చారు. ఆ గొంతులో ముద్దుమురిపెం వెతికినా దొరకదు, బరువుగా ఉంటుంది, జనం విజిళ్లేసి మరీ చూశారు. 1990లో వచ్చిన కర్తవ్యానికి విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. కాకపోతే ఆ రకం సినిమాల్లో ఇంకో తిరకాసుంది. ఆడది గట్టిగా మాట్లాడాలంటే ముందు ఆమెకి ఘోరం జరగాలి. ప్రతిఘటనలో (1985) లెక్చరర్‌ని నడిరోడ్డు మీద బట్టలూడదీసి అవమానిస్తేగానీ ఆమె గొడ్డలి పట్టేదాకా రాలేదు. ఏ అన్యాయమూ జరక్కుండా ఊరికే తన ఇష్టం కొద్దీ గట్టిగా మాట్లాడే అమ్మాయిని అత్తగారి పాత్రలోకో విలన్ చెల్లెలి పాత్రలోకో తోసేస్తారు.

ఈ సిగ్గూ గారాబం అంతా వేషమేనని 1957లోనే మాయాబజార్ చూపించేసింది, మనం నవ్వుకుని వదిలేశాం. అక్కడ శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. సావిత్రి ఒళ్లంతా వయ్యారం పోతూ, అంతలోనే మగాడిలా కాళ్లు ఎడంగా వేసి నిలబడుతుంది. పెళ్లి పాటలో సుశీలగారి గొంతు మధ్యలో ఘంటసాలగారి గొంతు బయటికొచ్చేస్తుంది. ఆ పాట ఎన్నిసార్లు విన్నా డబ్బింగ్ చెప్పేదానిగా నాకు అసూయే.

యాస సంగతి కూడా చెప్పాలి. మాది ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో సినిమాలు చూస్తూ పెరిగాను. ఇంట్లో మాట్లాడే మాట తెర మీద పనిమనిషికో, కూరగాయలమ్మే ఆవిడకో, కామెడీకో ఉండేది. హీరోయిన్ నోట ఉండేది కాదు. నాకు హీరోయిన్ లైన్లు ఇచ్చేటప్పుడు "యాస రాకుండా చూస్కో", పనిమనిషివి ఇచ్చేటప్పుడు "నీదే కొట్టు" అనేవాళ్లు. 2017లో ఫిదా వచ్చింది. బాన్సువాడ పిల్ల పాత్రకి సాయిపల్లవి తన గొంతుతోనే, తెలంగాణ యాసలోనే డబ్బింగ్ చెప్పుకుంది. ఆ సినిమాలో అన్నీ నాకు నచ్చాయని కాదు, కానీ ఆ అమ్మాయి కోపం వస్తే కోపంగా మాట్లాడుతుంది, అక్కతో అక్కచెల్లెళ్లలా పోట్లాడుతుంది. నా పొట్ట కొట్టే పద్ధతే అయినా, నటించినవాళ్లే మాట్లాడితే పాత్ర మనిషిలా ఉంటుందని ఒప్పుకోవాలి.

అమ్మల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఏడుపు, లేదంటే "అన్నం తిన్నావా నాన్నా". డైలాగ్ పేపర్లో మాట కన్నా "వెక్కిళ్లు" అని రాసినవే ఎక్కువుంటాయి. పైగా అమ్మ వయసుకీ కొడుకు వయసుకీ పొంతన ఉండదు. బాహుబలిలో శివగామిగా వేసిన రమ్యకృష్ణ ప్రభాస్ కన్నా తొమ్మిదేళ్లే పెద్ద. ఆ పాత్రకి గొంతూ బరువూ రెండూ ఉన్నాయి కాబట్టి మనం లెక్కపెట్టలేదు, మిగతా అమ్మలకి అదీ లేదు.

పాపకి ఏం చూపించాలంటే, నేనైతే ముందు 35 చిన్న కథ కాదు (2024) పెడతాను. పదో తరగతి తప్పిన సరస్వతి కొడుకు కోసం లెక్కలు నేర్చుకుంటుంది, తిరుపతిలో జరిగే కథ. కొడుకు కోసమే ఎందుకు నేర్చుకోవాలి అని మీ పాప అడిగితే అడగనివ్వండి, నాకూ ఆ ప్రశ్న వచ్చింది. ఆ తర్వాత ఆనంద్ (2004). అమ్మ చీర కట్టుకుంటానంటే అత్తగారు ఒప్పుకోలేదని పెళ్లి ఆపేసుకుంటుంది రూప. ఘోరమేమీ జరగలేదు, చీర దగ్గర మాట తేడా అంతే. కానీ ఆ తర్వాత వచ్చే హీరో ఆ అమ్మాయి ఇంటి పక్కనే ఎందుకు దిగాడో, అబద్ధం ఎందుకు చెప్పాడో మాత్రం పాపతో మాట్లాడాలి, అది ముచ్చటగా తీశారు కాబట్టి ఇంకా మాట్లాడాలి. మాయాబజార్ ఎలాగూ ఇంట్లో అందరూ కూర్చుని చూడొచ్చు. కాలేజీ ప్రేమకథలు ఇంకో నాలుగేళ్లు ఆగినా నష్టం లేదు.