ఎమ్మెల్యే కావాలంటే ముందు ఓటు ఎక్కడుందో చూసుకోండి

ప్రశ్న: మాది అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. మా అబ్బాయి బీకాం చివరి సంవత్సరం. ఉద్యోగం వద్దు, ఎమ్మెల్యే అవుతానంటున్నాడు. దీనికి ఏ కోర్సు చదివించాలి?

జవాబు: కోర్సంటూ ఏదీ లేదమ్మా, చట్టం డిగ్రీ కూడా అడగదు. నామినేషన్ల పరిశీలన రోజుకు 25 ఏళ్లు నిండాలి, ఆ రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటుండాలి. మీకు చిక్కంతా ఈ రెండో దానితోనే. ఓటు ఊళ్లోనే ఉంటే ఆంధ్రాలో మాత్రమే పోటీ చేయగలడు. కేఆర్ పురానికి మార్చుకుంటే కర్ణాటకలోని 224 స్థానాల్లో దేనికైనా సరే, రిజర్వుడు స్థానాలకు మాత్రం కుల నిబంధన వేరు. రెండు చోట్లా ఓటు ఉంచుకోవడం కుదరదు. మార్పుకు ఫారం 8 పెట్టాలి.

కర్ణాటక అనుకుంటే కన్నడ మాట్లాడితే చాలదు, చదవాలి, రాయాలి. సభలో చర్చలు, కాగితాలు ఎక్కువగా ఆ భాషలోనే. బీకాం పనికొచ్చేదీ అక్కడే: బడ్జెట్ పద్దులు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు చదివి అర్థం చేసుకోగల సభ్యులు ఎప్పుడూ తక్కువే.

ఈలోగా ఏదైనా పార్టీలో బూత్ స్థాయి ఏజెంటుగా చేరమనండి. ఒక్క బూత్ ఓటర్ల జాబితా చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి: చనిపోయినవారెవరు, ఇల్లు మారినవారెవరు, పద్దెనిమిది నిండినా పేరు ఎక్కనివారెవరు. విసుగు పని. కానీ టికెట్ అడిగే రోజున పార్టీ చూసేది వేదిక మీద ఫొటోలను కాదు, ఈ జనాన్ని. కార్పొరేటర్‌కి 21 ఏళ్లు చాలు. బెంగళూరు 2025లో ఐదు కార్పొరేషన్లుగా విడిపోయింది, వార్డులూ పెరిగాయి. మొదటి మెట్టు అదే అనుకోండి.

సంపాదన మాత్రం విడిగా ఉండాలి. ప్రభుత్వోద్యోగమైతే పోటీకి ముందు రాజీనామా చేయాల్సిందే. రాష్ట్ర ప్రభుత్వంతో కాంట్రాక్టు అతని పేరిట నడుస్తున్నా అనర్హతే. అకౌంట్స్ ప్రాక్టీసు లాంటిదైతే ఇబ్బంది లేదు.

నామినేషన్ దగ్గర ఎక్కువమంది తప్పేది ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో. ఒక్క గడి ఖాళీగా వదిలినా రిటర్నింగ్ అధికారి నోటీసు ఇస్తారు, అప్పటికీ నింపకపోతే తిరస్కరణ. ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయాలి. ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే బీ-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు, సిరా సంతకంతో చేరాలి. స్వతంత్రుడైతే ఆ నియోజకవర్గ ఓటర్లు పదిమంది ప్రతిపాదించాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే గల్లంతే.

ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి కర్ణాటకలోనూ ఆంధ్రాలోనూ 40 లక్షలు (బయట నడిచేది మీకూ తెలుసు). నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే విడి బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, ఓడినవాళ్లూ ఇవ్వాల్సిందే. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే మూడేళ్ల అనర్హత పడవచ్చు. బీకాం కుర్రాడు కనక ఆ లెక్క ఇంకొకరికి అప్పగించకుండా తనే రాసుకోమనండి.