చమురు రాళ్ల మీద పరిశోధన: కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది కావలి. చాలా ఏళ్లుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. అమ్మాయి ఇక్కడే బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. ఈడీటీఏ లాంటి కీలేటింగ్ ఏజెంట్లతో (కాల్షియం లాంటి లోహాలను పట్టేసుకునే రసాయనాలు) రాతిపొరల్లో మిగిలిపోయిన చమురును బయటికి తేవచ్చని కాలేజీ సెమినార్‌లో విన్నదట. అప్పటి నుంచి అదే చదువుతానంటోంది. నేను ఎంసీఏ చేయమంటున్నాను. ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్న రోజుల్లో చమురు చదువేమిటని నా టెన్షన్. పైగా ఆడపిల్ల, రిగ్గుల మీద పనంటే భయంగా ఉంది.

జవాబు: ముందు రిగ్గు భయం తీరుద్దాం. అమ్మాయి మనసుపడిన పని చాలావరకు ల్యాబ్‌లో జరిగేది. బావి నుంచి తెచ్చిన రాతి కడ్డీలోంచి ఒకటిన్నర అంగుళాల వ్యాసం ముక్క కోస్తారు. దాన్ని నూనెతో నింపి, ఉక్కు గొట్టంలో బిగించి, భూగర్భంలో ఉండేంత వేడి, ఒత్తిడి పెట్టి ద్రావణాన్ని మెల్లగా పంపుతారు. అవతలి కొలగొట్టంలో ఎన్ని మిల్లీలీటర్ల నూనె పడింది, వచ్చిన నీళ్లలో కాల్షియం ఎంత పెరిగింది అని గంట గంటకూ రాసుకుంటారు. దీన్నే కోర్ ఫ్లడింగ్ అంటారు. ఓపిక, శుభ్రమైన చేతిపని కావాలి.

ఇక అసలు విషయం. నీళ్ల కాఠిన్యం కొలిచేటప్పుడు ఈడీటీఏ చుక్కలు పడగా పడగా వైన్ ఎరుపు నీలంగా మారడం మీ అమ్మాయి చూసే ఉంటుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను ఈడీటీఏ మొత్తం పట్టేసుకుందని ఆ నీలం రంగుకు అర్థం. భూమి లోపల దానికి అప్పగించేదీ ఆ పనే. చమురు అక్కడ చెరువులా ఉండదు, రాతి సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. నీళ్లు ఎక్కించి తోసినా, చాలా క్షేత్రాల్లో సగానికి పైగా లోపలే ఉండిపోతుంది. సున్నపురాయిలో ఇంకో చిక్కుంది. ముడి చమురులోని ఆమ్లాలు రాతి మీది కాల్షియానికి అంటుకుని కూర్చుంటాయి. అప్పుడు రాయి నూనెను వదలదు, నీటిని దగ్గరికి రానివ్వదు. కీలేటింగ్ ఏజెంట్ ఆ కాల్షియాన్ని లాగేస్తే నూనె పట్టు సడలి, రాయి నీటిని పీల్చుకుంటుంది. 1974లో బయటపడిన మన ముంబై హై కూడా ప్రధానంగా సున్నపురాయి క్షేత్రమే కాబట్టి, ఇది మనకు దూరపు సంగతి కాదు.

సున్నపురాయి బావుల్లో రాయిని కరిగించి దారి తెరవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పంపడం పాత పద్ధతి. వేడి బావుల్లో అది మొదట్లోనే రాయిని తినేసి అయిపోతుంది, ఉక్కు గొట్టాలనూ వదలదు. కీలేటింగ్ ఏజెంట్లు నిదానంగా పనిచేస్తాయి కాబట్టి లోపలిదాకా వెళ్తాయి. ఈడీటీఏ ప్రకృతిలో తొందరగా విచ్ఛిన్నం కాదు. గ్లుటామిక్ ఆమ్లం నుంచి చేసే జీఎల్‌డీఏ అనే కీలేటింగ్ ఏజెంట్ ఆ విషయంలో నయం. ఖర్చు మాత్రం ఎక్కువ. బావి చుట్టూ రాయిని తెరవడానికి వీటిని క్షేత్రాల్లో వాడుతున్నారు కానీ, రిజర్వాయర్ (చమురున్న రాతిపొర) అంతటికీ ఎక్కించి నూనె రాబట్టడం ఇంకా ఎక్కువగా ల్యాబ్ దశలోనే ఉంది. తేలాల్సింది చాలా ఉంది కాబట్టే కెమిస్ట్రీ వాళ్లకు ఇక్కడ పని ఉంది.

ఎలక్ట్రిక్ బండ్ల మాట నిజమే. కానీ మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే, ఉన్న బావుల్లో మిగిలింది తీసే అవసరం రేపే పోదు. అంతకన్నా నాకు ముఖ్యంగా తోచేది, రాయికీ ద్రావణానికీ మధ్య జరిగే కెమిస్ట్రీ నేర్చినవాళ్లు చమురుకే కట్టుబడి ఉండక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో దాచడం, భూగర్భంలోని వేడితో కరెంటు తీయడం, నీటి శుద్ధి, అన్నిటికీ ఆ పునాదే.

ఉద్యోగాల సంఖ్యలో మాత్రం ఇది ఎంసీఏతో పోటీపడలేదు. కొన్నేళ్లు పరిశోధన చేసే ఇష్టం ఉంటేనే రావాలి. ఇప్పుడే పెట్రోలియం అని గిరి గీసుకోకుండా, ఐఐటీ జామ్ రాసి మంచిచోట ఎంఎస్సీ కెమిస్ట్రీలో చేరమనండి. ఫిజికల్, అనలిటికల్ కెమిస్ట్రీ గట్టిగా పట్టుకోవాలి. ఆ తర్వాత గేట్, నెట్, పీహెచ్‌డీ. మీరుంటున్న చెన్నైలోనే ఐఐటీ మద్రాస్ ఉంది. ధన్‌బాద్ ఐఐటీ, విశాఖ పెట్రోలియం అండ్ ఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ కూడా చూడొచ్చు. ఓఎన్‌జీసీలో కెమిస్ట్ ఉద్యోగాలుంటాయి, రిజర్వాయర్ అధ్యయనాలకు అహ్మదాబాద్‌లో సొంత సంస్థ కూడా ఉంది. ఖాళీలు తక్కువే వస్తాయి, అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

నిర్ణయానికి ముందు అమ్మాయిని కాలేజీ ప్రాజెక్టుగా ఒక పని చేయమనండి. వంటింటి గట్లకు వేసే కడప రాయి సున్నపురాయే, రాళ్ల షాపులో చిన్న ముక్క దొరుకుతుంది. దాన్ని నునుపు చేసి, స్టియరిక్ ఆమ్లం కలిపిన హెప్టేన్‌లో (ఆమ్లాలున్న ముడి చమురుకు బదులుగా) నానబెట్టి ఆరబెట్టాలి. దాని మీద నీటిచుక్క వేసి పక్కనుంచి ఫోన్‌తో ఫొటో తీయాలి. తర్వాత క్షారం కలిపిన ఈడీటీఏ ద్రావణంలో ఉంచి, మళ్లీ చుక్క వేసి అది ఎంత పరుచుకుందో కొలవాలి. ల్యాబ్‌లో మేడం దగ్గరుండగా చేయాలి, హెప్టేన్ దగ్గర మంట ఉండకూడదు. కొలతలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చినప్పుడు విసుక్కుని వదిలేస్తుందా, మళ్లీ రాయి అరగదీస్తుందా అన్నది మీరే గమనించండి. రెండోదైతే ఎంసీఏ ఫారం పక్కన పెట్టేయండి.